పడుగు కింద నడక

మా కేంద్రంలో నా కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక మెట్ల బొమ్మ ఉండేది. కింది మెట్టు మీద మెడ నిలపడం, ఆ పైన బోర్లా పడడం, కూర్చోవడం, పాకడం, పట్టుకుని నిలబడడం, అన్నిటికంటే పైన నడక. ప్రతి మెట్టు పక్కనా అది ఎన్ని నెలలకు రావాలో అంకె. పెయింటరు రెండు అంకెలు అటుదిటు వేశాడని, సామాను సర్దుకుని వెళ్ళబోతున్న మనిషిని మళ్ళీ నిచ్చెన ఎక్కించి చెరిపించి రాయించాను.

"పసిపిల్లోల్లకు అంకెలు రావు గదా మేడం, వాళ్ళేం చూసి నడుస్తారు?" అన్నాడాయన.

నేను నవ్వలేదు. తేదీ, నెల, లెక్క తప్పితే నాకు అన్నం సయించదు. ఈ గుణం నన్ను చాలాసార్లు కాపాడింది, కొన్నిసార్లు ఇరకాటంలో పెట్టింది. అలా ఇరకాటంలో పెట్టిన ఒక పాప గురించి మీకు చెప్పాలి. మీరంటే, ఈమధ్యే ఈ పనిలో చేరి, పిల్లల కాళ్ళు చేతులు చూసి నెలలు లెక్కగట్టడం నేర్చుకుంటున్న మీరు.

నేను అనంతపురంలో చిన్నపిల్లల ఎదుగుదల చూసే ఒక కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మా గదిలో ముగ్గురం. నేను, మాటా ఆటా నేర్పే స్పెషల్ టీచరు, పిల్లల డాక్టరు. టీచరుది శింగనమల దగ్గర పల్లె. నోరు మూతపడితే ఊపిరాడదన్నట్టు మాట్లాడుతూనే ఉండేది, నన్ను అక్కా అనేది. డాక్టరు మా ఇద్దరికంటే వయసులో చాలా చిన్నవాడు. ఏ బిడ్డనైనా ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవాడు. అందుకే నాకు ఆయన మీద గౌరవం.

ధర్మవరం నుంచి ఒక నేత పని చేసే అమ్మాయి వారం వారం బస్సులో వచ్చేది, చంకలో కూతురు. పంతొమ్మిది నెలలు దాటిన పాప నడవదు, నిలబడదు. నీలం పరుపు మీద దింపితే కూర్చుని, కదలకుండా మమ్మల్ని ఒక్కొక్కరినే చూసేది. తనిఖీకి వచ్చిన అధికారి కూడా అంత నిదానంగా చూడడు. బొమ్మ చూపిస్తే చెయ్యి చాచేది, ఇవ్వకపోతే ఊరుకునేది. లేవమంటే మాత్రం కాళ్ళు మడుచుకునేది.

డాక్టరు తుంటి చూశాడు, వెన్ను చూశాడు, నరాలు చూశాడు, కళ్ళూ చెవులూ చూశాడు, రక్తపరీక్షలు చేయించాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. కాళ్ళలో బలం ఉందా అని అరికాలు పట్టుకుని చూడబోతే ఆ పాప తన్నిన తన్నుకు ఆయన కళ్ళద్దాలు వెళ్ళి గోడకు తగిలాయి.

"బలానికేం తక్కువ లేదు" అన్నాడు, నేల మీద వెతుక్కుంటూ.

తక్కువ లేకపోయినా నేను కాళ్ళ బలానికే కసరత్తులు చేయించాను, ఎందుకంటే నాకు వచ్చిన పని అది. తండ్రి ఒకసారి తోడు వచ్చాడు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. "ఎప్పటికి నడుస్తాది మేడం?" అని అడిగాడు. నేను గోడ వైపు చూసి, అప్పటికి ఎన్ని నెలలు ఆలస్యమైందో లెక్కగట్టి, ఒక నెల పేరు చెప్పాను. ఆయన తలూపి వెళ్ళాడు. ఆ నెల వచ్చింది, పోయింది. పాప పరుపు మీదే కూర్చుని ఉంది.

ఇక్కడ కొంచెం పుస్తకాల సంగతి చెప్పక తప్పదు. అంతకు ముందు మమ్మల్ని ఒక శిక్షణకు పంపారు. అక్కడ పెద్దవయసు ప్రొఫెసరు ఒకాయన ఒక విషయం చెప్పాడు. అప్పుడే పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకుని పాదాలు నేలకు ఆనిస్తే, నడుస్తున్నట్టు కాళ్ళు ఒకదాని వెంట ఒకటి ఎత్తుతుంది. కొన్ని నెలలకు అది మాయమవుతుంది. మెదడు ఎదుగుతూ ఆ అలవాటును అణిచేస్తుందని మా తరం చదువుకుంది. కానీ అలా అడుగులు మానేసిన బిడ్డనే నీళ్ళలో నిలబెడితే అడుగులు మళ్ళీ వస్తాయి. అంటే అడుగు ఎక్కడికీ పోలేదు. కాళ్ళకు కండ పట్టి బరువెక్కాయి, ఆ బరువు ఎత్తే సత్తువ ఇంకా రాలేదు. నీళ్ళు బరువు మోసేసరికి అడుగు బయటపడింది.

దీన్ని గతిశీల వ్యవస్థల సిద్ధాంతం అంటారని ఆయన చెప్పాడు. పేరు బరువైనది, విషయం తేలిక. నడక అనేది మెదడులో మూటగట్టి పెట్టిన వస్తువు కాదు, సమయం రాగానే విప్పుకోవడానికి. బిడ్డ ఒళ్ళు, కాళ్ళ బరువు, కింద నేల, చుట్టూ మనుషులు, ఆ నిమిషంలో చేయాలనుకున్న పని, ఇవన్నీ కలిసినచోట అప్పటికప్పుడు కుదిరేది నడక. అందులో ఏ ఒక్కటి మారినా మొత్తం మారవచ్చు. ఒక పద్ధతిలో బాగా కుదురుకున్న బిడ్డ ఇంకో పద్ధతిలోకి పోయే ముందు తడబడుతుంది. ఆ తడబాటును జబ్బు అనుకోకూడదు.

నేను అన్నీ శుభ్రంగా రాసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా టీచరు అంది: "అక్కా, ఈ సిద్ధాంతం మన జిల్లాకు పనికిరాదు. ట్యాంకరు వచ్చిన దినం బిందెల కాడ కొట్లాడేటోల్లం, బిడ్డను నిలబెట్టే నీళ్ళు యాడి నుంచి తెచ్చేది?"

ముందు సీట్లో కూర్చున్నామె కూడా తిరిగి చూసి నవ్వింది. మేము సిద్ధాంతాన్ని బస్సులోనే వదిలేసి దిగాం.

అది మళ్ళీ గుర్తొచ్చింది ఆ తల్లి అన్న ఒక్క మాటతో. కసరత్తు అయ్యాక పాపకు గౌను తొడుగుతూ, మాకు చెప్పాలని కాకుండా తనలో తాను అనుకున్నట్టు అంది: "ఇంట్లో ఇట్ల ఉండదు మేడం ఇది. ఇంట్లో పని చేస్తాది."

"ఏం పని?"

"కండెలు అందిస్తాది."

కండె అంటే పేక దారం, అంటే చీరలో అడ్డంగా నేసే దారం, చుట్టిన చిన్న పుల్ల. నేసేవాళ్ళు దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసురుతారు. అది అయిపోగానే ఇంకొకటి కావాలి.

టీచరు నా వైపు తిరిగింది. "ఇంట్లో పనిమంతురాలంట, ఈడ రాతిబొమ్మంట. మనం చూడాల్సింది కాళ్ళను కాదేమో అక్కా. ఆ ఇంటిని."

తర్వాతి వారం ఇద్దరం ధర్మవరం పోయాం.

మగ్గాల శబ్దం సందు మొదట్లోనే వినిపించింది. ఒకే పొడవాటి గది. ఒక చివర నేలలో గుంట, గుంటలో కాళ్ళు పెట్టుకుని తల్లి మగ్గం ముందు కూర్చుని ఉంది. ఆమె ముందు నుంచి గది రెండో చివరి దాకా పట్టు పడుగు చాచి ఉంది, గదిని రెండుగా చీల్చినట్టు. నిలువు పోగులన్నీ అలా బిగించి పెడితేనే చీర. పడుగుకు అవతల పక్క గోడవార పాప నానమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. కింద ఏళ్ళ తరబడి కాళ్ళు రాసి రాసి అద్దంలా నునుపెక్కిన బండలు.

"కండె!" అంది తల్లి, తల తిప్పకుండా.

నానమ్మ పక్కన కూర్చున్న పాప బుట్టలోంచి ఒక కండె తీసింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి నేలకు ఆనించి, ఒక కాలు మడిచి ఒక కాలు తోస్తూ, కూర్చునే జారింది. నునుపు బండల మీద చేప పోయినట్టు పోయింది. పడుగు దగ్గర తల కొంచెం కూడా వంచలేదు. కూర్చున్న పిల్ల తల తగలనంత ఎత్తులో ఉంది పడుగు. కింద నుంచి దూసుకుపోయి, కండె తల్లి చేతిలో పెట్టి, వచ్చిన దారినే తిరిగి వచ్చింది. మధ్యలో మమ్మల్ని చూసి ఆగి, ఈ సారి నవ్వింది. ఇది తన ఆఫీసు.

"నా మనవరాలికి నడక రాకపోయినా పని వచ్చినాది" అంది నానమ్మ గర్వంగా. "నా కోడలికంటే ముందు ఇదే నేర్చుకునింది."

"అత్తా, నేను ఈడనే ఉండా" అంది కోడలు.

"ఉంటే విను."

మాకు టీ ఇచ్చారు. మేము టీ తాగుతుండగా పాప మగ్గం గుంజ పట్టుకుని మోకాళ్ళ మీద లేచింది. ఒక పాదం నేలకు ఆనించింది. నా గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

"కూచో!" అంది నానమ్మ.

"కూచో!" అంది తల్లి.

"కూచో!" అన్నాడు తండ్రి, వెనక వాకిట్లో నుంచి, చూడకుండానే.

పాప కూర్చుంది. నానమ్మ ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. "బంగారు తల్లి, చెప్పిన మాట వింటాది."

టీచరు నా మోకాలు గిల్లింది. ఆ టీ అయ్యేలోపు పాప మళ్ళీ లేవబోయింది, ఇల్లంతా మళ్ళీ ఒక్క గొంతుతో అదే పాట పాడింది. ఎందుకని అడిగితే నానమ్మ మమ్మల్ని తెలివితక్కువవాళ్ళను చూసినట్టు చూసింది.

"నిలబడితే చెయ్యి పడుగు మీద పడతాది గదమ్మా. పట్టు పోగులు. ఒకసారి గుప్పిట పట్టి లాగితే చీర పోతాది. ఇంకో పక్క గుంట. పడితే బిడ్డ పోతాది. మా ఇంట్లో పిల్లోల్లను అందరినీ అట్లనే సాకినాము. నా కొడుకును గూడా."

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. పడుగు ఆ ఇంటి బతుకు. నునుపు బండలు ఎవరి నేరమూ కాదు. పాప కూర్చుని జారుతుంటే ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది, కండె మోయడానికి అంతకంటే సౌకర్యం లేదు. నిలబడితే తిట్టు, కూర్చుంటే ముద్దు. నునుపు నేల, ఎత్తు కుదిరిన పడుగు, చేతిలో పని, ఇంటిల్లిపాది మెప్పు. ఇన్ని కలిసి కట్టిపెట్టిన పద్ధతిని ఆ పాప ఎందుకు వదులుకోవాలి? ఆ పాపను మేం నడవలేని బిడ్డ అనుకుంటూ వచ్చాం. జారడంలో ఆమె పూర్తిగా స్థిరపడిన బిడ్డ. మేం నీలం పరుపు మీద కాళ్ళకు కసరత్తు చేయించినంత కాలం, ఆమె నడక ఇక్కడ, ఈ గదిలో, ఈ మనుషుల మధ్య చిక్కుకుని ఉంది.

నేను ఇవన్నీ చెప్పేసరికి నానమ్మ రాట్నం ఆగిపోయింది.

"అంటే నేనే దీన్ని కుంటిదాన్ని చేసినానంటావా?"

"లేదమ్మా. నువ్వొక్కదానివే ఏమీ చేయలేదు. ఈ గదిలో ఉన్నవన్నీ కలిసి చేసినాయి. అన్నిట్లో తలా కొంచెం మారుద్దాం."

ఆమెకు ఆ మాట ఏ మేరకు ఊరటనిచ్చిందో తెలియదు. కానీ గోనెసంచులు ఆమే తెచ్చింది. విప్పి, కుట్టి, బండల మీద పరిచాం. గరుకు గోనె మీద జారడం కష్టం. కండెల బుట్టను నేల మీద నుంచి తీసి ఒక ఎత్తు పీట మీద పెట్టాం, లేస్తే తప్ప అందకుండా. గుంటకు పాప వైపు అడ్డంగా ఒక చెక్క బిగించాడు తండ్రి. పాప లేచినప్పుడు ఎవరూ కూచో అనకూడదు, పక్కన ఉన్నవాళ్ళు వచ్చి చేతులు పట్టుకోవాలి. అన్నిటికంటే ఇదే కష్టమైంది. నానమ్మ మాట మొదలుపెట్టి మింగడం నేర్చుకోవాల్సి వచ్చింది.

నేను ఎంతో సంతోషంగా అనంతపురం తిరిగి వచ్చాను. డాక్టరుకు చెప్పాను. ఆయన ఆసక్తిగా విని, "ముందు కొన్నాళ్ళు అధ్వానంగా ఉంటుందేమో మేడం" అన్నాడు.

ఉంది. ఆ పాప జారడం మానేసింది. గోనె మీద రెండు తోపులు తోసి, చిరాకుపడి ఏడిచేది. లేచేది, ఊగేది, ధబాలున కూలబడేది. ఒక దినం పాకింది, అంతకు ముందు ఎన్నడూ పాకని పిల్ల. మరుసటి దినం అదీ మరిచిపోయింది. కండెలు అందించడం ఆగిపోయింది. రాత్రి నిద్ర లేదని తల్లి ఫోను చేసి ఏడ్చింది. ఇది మంచి గుర్తే అని, పాతది వదులుతోంది గనుకే తడబడుతోందని నేను చెప్పాను. నేను చెప్పింది నిజం. ఫోనులో వింటే మాత్రం, తప్పించుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది.

తర్వాత తండ్రి ఫోను చేశాడు. ఆయన ఏడవలేదు. "మేడం, ఉండేది గూడా పోయినాది. బెంగుళూరులో మా బావమరిది ఉండాడు. పెద్దాసుపత్రిలో చూపిస్తానంటాండాడు. అపార్టుమెంటులో వాచ్‌మెన్ పని గూడా చూసినాడు. ఈ చీర అయిపోతే మగ్గం అమ్మేస్తాండా. అమావాస్యకు కొనేటాయన వస్తాడు."

అమావాస్యనాడు ఆ ఇంట్లో మగ్గం ఆడదు. అది తన కొడుక్కు వాళ్ళ నాయన నుంచి వచ్చిన మగ్గమని నానమ్మ నాకు అప్పటికే చెప్పింది. దాన్ని అమ్మి ఊరు వదిలేసి బెంగుళూరు గేటు దగ్గర కూర్చోవడం ఆ మనిషికి ఇష్టమై కాదు. కూతురి కాళ్ళ కోసం. పరీక్షల్లో ఏమీ లేదని డాక్టరు మళ్ళీ చెప్పాడు, కానీ ఆయన మాత్రం హామీ ఎలా ఇస్తాడు? నేనూ టీచరూ అమావాస్య పొద్దున్నే బస్సెక్కాం.

నేత పూర్తయిన చీరను మగ్గం మీద నుంచి కోసేశారు. మొదటిసారి ఆ గదిలో పడుగు లేకుండా చూశాను. గది ఇంత పెద్దదా అనిపించింది. వాకిట్లో ఒక ఆటో ఆగి ఉంది. కొనేటాయన వడ్రంగి కూడా, మీసాలు నెరిసిన లావుపాటి మనిషి. తండ్రి బిగించిన అడ్డుచెక్క ఊడదీసి, గుంట మీద రెండు పలకలు అడ్డం వేసి, వాటి మీద నిలబడి పైకప్పు నుంచి మగ్గానికి వచ్చిన తాళ్ళు చూస్తున్నాడు. తల్లి గుంటకు అవతల వంటింటి గడప మీద నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నానమ్మ ఎప్పటిలా రాట్నం దగ్గరే కూర్చుంది, తిప్పడం లేదు. పాప ఆమె పక్కన పీట పట్టుకుని నిలబడి ఉంది.

నేను తండ్రితో చెప్పాను. తొందరపడొద్దని, పాప మారుతోందని, ఈ స్థితిలో ఇల్లూ వాకిలీ మార్చవద్దని.

"మీరు ఒక నెల చెప్పినారు మేడం. ఆ నెల పోయినాది" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "మీరు తేదీల మనిషి గదా. ఇప్పుడు చెప్పండి. ఏ తేదీకి నడుస్తాది?"

నా జీవితంలో ఎవరు తేదీ అడిగినా చెప్పకుండా ఉండలేదు. నోట్లో ఒకటి తయారైంది కూడా. "తేదీ చెప్పలేను" అన్నాను. "నాకు తెలిస్తే కదా. నేను చెప్పగలిగింది, ఇది వెనక్కి పోవడం కాదు అని మాత్రమే. ఇంకొక్క పడుగు ఆగుతారా?"

ఆయన నేల చూశాడు. "పడుగు ఎక్కిస్తే అది అయిపోయేదాకా మగ్గం ఇప్పేదానికి లేదు. ఆగేదంటే అంతకాలం ఆగల్ల. ఆ లోపల బిడ్డ కాళ్ళు ఇంకా బిగుసుకుంటే?"

నేను టీచరు వైపు చూశాను, ఆమె వడ్రంగి వైపు చూసింది. 

"ఏమప్పా, ఇప్పమంటావా వద్దా?" అన్నాడు వడ్రంగి. "ఆటో నిలబడుకోనుంది. వాడు ఊరికే ఉండడు, హారన్ కొడతాడు."

"ఇప్పన్నా" అన్నాడు తండ్రి.

వడ్రంగి పైతాడు ముడి వదులు చేసి, పలకల మీద నుంచి దిగాడు. మగ్గం ఒక పక్కకు కిర్రుమని వంగింది. ఆ శబ్దానికి తల్లి ఏడుపు ఆపుకోలేక గట్టిగా వెక్కింది.

పాప అటు చూసింది. తల్లి ఏడుస్తోంది. అమ్మ ఆ వైపు ఉండి గొంతు పెంచిందంటే ఆ పాపకు తెలిసిన అర్థం ఒకటే. పీట మీద బుట్టలోంచి ఒక కండె తీసింది. కొంచెం ఆలోచించి, రెండో చేత్తో ఇంకొకటి తీసింది. రెండు చేతులూ నిండాయి. పీటను వదిలేసింది.

ఊగింది. గదిలో పడుగు లేదు, తగిలేది ఏమీ లేదు. నానమ్మ నోరు తెరిచింది. "కూ..." అని వచ్చింది. వచ్చినంత మాటను పైటకొంగుతో సహా నోట్లో కుక్కుకుంది. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని చూస్తోంది.

పాప ఒక అడుగు వేసింది. మోకాళ్ళు ఎడంగా, చేతులు పైకెత్తి, రెండు కండెలూ రెండు పక్కలా పట్టుకుని, తక్కెడ మోస్తున్నట్టు. గోనె మీద పాదం జారలేదు. ఇంకొక అడుగు. గుంట అంచు దగ్గర ఆగింది. నా పక్కన తండ్రి ముందుకు కదలబోతే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వడ్రంగి వంగి, రెండు పలకలనూ కదలకుండా చేతులతో అదిమి పట్టాడు. తల్లి గడప దిగి వచ్చి గుంట అవతల మోకాళ్ళ మీద కూర్చుంది.

పాప పలకల మీద నడిచి వెళ్ళి, రెండు కండెలూ తల్లి ఒళ్ళో పెట్టి, తనూ అక్కడే చతికిలపడింది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు.

"ఆగరా నాయనా, రొంతసేపు ఆగు!" అని వడ్రంగి కసిరాడు. ముక్కు తుడుచుకుని, తండ్రి వైపు తిరిగాడు. "తాడు మళ్ళీ బిగించమంటావా ఏం?"

 తండ్రే పలకల మీదికెక్కి ముడి బిగించాడు. దిగి, నా ముందుకు వచ్చి నిలబడి అన్నాడు: "తేదీ రాసుకోండి మేడం."

రాసుకున్నాను. ఆ తేదీ నా దగ్గర ఉంది. మీకు దానితో పని లేదు.

ఆ రోజు టీ తాగుతూ, పాప ఎందువల్ల నడిచిందన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. నానమ్మ, తను కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాననీ, అంతకు మించి నోరు మూసుకున్నాననీ అంది. మగ్గం అమ్ముతానని బెదిరిస్తేనే లేచిందని తండ్రి. పలకలు వేసింది తనే గదా అని వడ్రంగి. గోనె అని నేను. "అమ్మ ఏడిస్తే కండె ఇయ్యాలనుకునింది, అంతే" అని తల్లి. ఫోనులో డాక్టరుకు చెబితే, తను రాసిన విటమిన్ చుక్కలను కూడా లెక్కలో వేసుకోమన్నాడు. మా టీచరు మాత్రం గ్లాసు కింద పెట్టి, "అందరూ సరిగ్గానే చెప్పినారు, ఎవ్వురొక్కరే చెప్పినా తప్పు" అంది. ఆ ప్రొఫెసరు ఇంత పొట్టిగా చెప్పి ఉంటే మేము సిద్ధాంతాన్ని బస్సులో వదిలిపెట్టేవాళ్ళం కాదు.

ఒక మాట. నడవని ప్రతి బిడ్డకూ గోనెసంచి మందు అనుకోకండి. అదే ఏడాది బెళుగుప్ప వైపు నుంచి వచ్చిన ఒక బాబుకు తుంటి ఎముక తప్పి ఉంటే ఆపరేషనే చేయాల్సి వచ్చింది, ఆ బాబును పెద్దాసుపత్రికి తొందరపెట్టి పంపింది మేమే. ముందు డాక్టరు చూడాలి, అన్ని పరీక్షలూ చేయాలి. ఆ తర్వాత, కాళ్ళలో ఏమీ దొరకనప్పుడు, ఇంటికి పోయి చూడండి. బిడ్డ కాళ్ళతో పాటు నేలను చూడండి, ఇంట్లో ఎవరు ఏ మాట ఎక్కువసార్లు అంటున్నారో వినండి. ఎవరినీ దోషిగా నిలబెట్టకండి. ఆ ఇంట్లో ఎవరికీ ఆ పాప మీద ప్రేమ తక్కువ లేదు. ఆ కూచో అన్న మాట కూడా ప్రేమతో అన్నదే.

గోడ మీది మెట్ల బొమ్మ నేను రిటైరయ్యే దాకా అక్కడే ఉంది. చెరిపించలేదు. మెట్లు ఉపయోగపడతాయి, ఎవరు ఆలస్యమవుతున్నారో చూపిస్తాయి. ఎందుకో మాత్రం చెప్పవు.

రిటైరైన తర్వాత ఒకసారి టీచరు కూతురి పెళ్ళికి చీర కావాలని ఇద్దరం ధర్మవరం పోయాం. ఆ ఇంటికే పోయాం. మగ్గం ఆడుతోంది, కొత్త పడుగు గది పొడవునా బిగించి ఉంది. గోనెలు లేవు, బండలు మళ్ళీ తళతళలాడుతున్నాయి. నానమ్మ నన్ను చూసి, "తేదీలమ్మ వచ్చినాది" అని కోడలిని కేకేసింది. పాప పెరిగింది. ఒక చేతిలో నాలుగు కండెలు పట్టుకుని మమ్మల్ని చూస్తూ పరుగెత్తుకొచ్చింది, మధ్యలో పడుగు ఉందన్న ధ్యాస లేకుండా.

"కూచో!" అని ఇల్లంతా ఒక్కసారిగా అరిచింది. నేను కూడా అరిచాను.

పాప పడుగుకు జానెడు దూరంలో ఆగింది. మా అందరి వైపూ ఒక్కొక్కరినే చూసింది, మా నీలం పరుపు మీద నుంచి చూసిన చూపే. కూర్చోలేదు. నడుము బాగా వంచి, కండెలున్న చేతిని పొట్టకు అదుముకుని, ఒక్క పోగు కదలకుండా పడుగు కింద నుంచి రెండు పాదాల మీదే నడుచుకుంటూ వచ్చి అవతల లేచి నిలబడింది.